గుఱ్ఱము నుండి మోటారునకు: న్యూయార్కు నగర అగ్నిమాపక దళము

వేసవికాలమున తాటాకు ఇంటికి నిప్పంటుకొన్నచో ఏమి జరుగునో పల్లెటూరివారికి చెప్పనక్కఱలేదు. కేక వినిన ప్రతివాడును చేతికందిన కడవనో బిందెనో తీసికొని పరుగెత్తును. నూతి నుండి కాలుచున్న ఇంటివరకు జనులు బారులు తీరి నిలిచి నీరందింతురు. మొదటి కడవ మంటపై బడునప్పటికే దూలము కూలియుండును. అప్పుడు అనుభవముగల పెద్దలు ఆ ఇంటిమీద ఆశ వదలి, గాలివాలున నున్న ప్రక్క ఇంటి కప్పును పీకింతురు. నూతిలో నీరు లేక కాదు. ఆ నీరు సకాలమున మంటను చేరలేక. ఖాండవదహన కథలో ఇంద్రుడు మేఘములనే పంపెను గాని, అర్జునుని బాణముల కప్పు అడ్డుపడి వాన మంటను చేరలేదు. అగ్నితో పోరుటలోని చిక్కంతయు ఈ చేర్చుటలోనే యున్నది.

పట్టణములు పెరిగి, ఇంటిపై ఇల్లు లేచినకొలది ఈ చిక్కు మఱింత పెద్దదయ్యెను. అమెరికాలోని న్యూయార్కు నగరము దీనితో నూఱేండ్లు పెనగులాడిన విధము తెలిసికొనదగినది. చేతులతో లాగు బండి, గుఱ్ఱపు బండి, మోటారు బండి, ఈ మూడును ఆ నగరమున ఒకదాని వెనుక నొకటి వచ్చినవి.

1835వ సంవత్సరము డిసెంబరు 16వ తేదీ రాత్రి ఆ నగరపు వర్తక స్థానమున నిప్పు పుట్టెను. ఆ కాలమున అగ్నినార్పువారు జీతగాండ్రు కారు. స్వచ్ఛందముగా చేరిన పౌరులు. వారి యంత్రము చక్రములపై నమర్చిన చేతిపంపు. త్రాళ్ళు పట్టి లాగుకొనిపోయి, ఇరుప్రక్కల నిలిచి దాని కఱ్ఱలను మీదికిని క్రిందికిని ఆడించి నీరు చిమ్ముదురు. ఆ రాత్రి చలికి వీధి కుళాయిలు గడ్డకట్టెను. తూర్పునది మీది మంచుపెచ్చును గొడ్డళ్ళతో పగులగొట్టి నీరు తోడిన, ఆ నీరు గొట్టములలోనే మరల గడ్డకట్టెను. తుదకు తుపాకిమందు పెట్టి మంటకు ముందున్న భవనములను కూల్చిరి. తాటాకు కప్పు పీకుటకును దీనికిని సూత్రము ఒక్కటే. తెల్లవాఱి చూచుకొనగా ఏడువందలకు దగ్గరగా కట్టడములు నేలమట్టమైయుండెను.

ఈ స్వచ్ఛంద దళములవారు సాహసికులే గాని, వారి పౌరుషము ఒక్కొక్కప్పుడు పని చెఱచెను. ముందుగా కుళాయిని పట్టుకొన్న దళమునకు కీర్తి దక్కును గావున, ఇంటిని మంటకు విడిచి కుళాయికడ ముష్టియుద్ధములు చేసిన సందర్భములు కలవు. 1840–41 సంవత్సరములలో పాల్ హాడ్జ్ అను ఇంజనీరు భీమా కంపెనీల ప్రోత్సాహముతో న్యూయార్కునందు ఆవిరితో పనిచేయు పంపు నొకదానిని నిర్మించెను. అది ఆవిరిబలముతో తనంతట తానే కదలగలిగినది. కాని మిక్కిలి బరువు. దానికిని మించిన అడ్డంకి, ఇది వచ్చినచో తమ భుజబలమునకు విలువ యుండదని దళములవారు దానిని మొదటినుండియు ద్వేషించుట. కొలదికాలమునకే ఆ యంత్రము మూలబడెను. ఆవిరి పంపునకు పీటవేసిన గౌరవము న్యూయార్కునకు గాక, 1853లో సిన్సినాటి నగరమునకు దక్కెను. ఆ యేడే ఆ నగరము స్వచ్ఛంద దళములను తొలగించి జీతమిచ్చు దళమును స్థాపించెను. న్యూయార్కులో అట్టి చట్టము 1865 మార్చి 30వ తేదీని గాని రాలేదు. జీతగాండ్రతోపాటు ఆవిరి పంపును, దానిని లాగుటకు గుఱ్ఱములును వచ్చినవి.

ఆవిరి పంపు స్వరూపమును కొంచెము వివరింపవలెను. నాలుగు చక్రముల బండిపై వెనుకభాగమున నిలువుపాటి బాయిలరు, దానిముందు ఆవిరియంత్రము, దానికి తగిలించిన పంపు. అన్నియు గలసి నాలుగు టన్నులకు పైబడిన బరువు. చన్నీటిని కాచి ఆవిరి పుట్టించువఱకు మంట ఆగదు గదా! అందుచేత ఠాణాలో బండి నిలిచియున్నంతసేపును, నేలమాళిగలోని వేఱొక బాయిలరు నుండి గొట్టముద్వారా వేడినీరు బండిబాయిలరులో తిరుగుచుండెడిది. గంట మ్రోగి బండి ముందుకు కదలినంతనే ఆ గొట్టము ఊడిపోవును. బండివెనుక నిలిచిన ఇంజనీరు పొయ్యిలో పేర్చియుంచిన చితుకులకు నిప్పంటించును. గుఱ్ఱములు పరుగెత్తుచుండగనే దారిలో ఆవిరి సిద్ధమగును. పొగయు నిప్పురవ్వలును చిమ్ముచు పరుగెత్తు ఆ బండిని చూచుటకు బాలురు వీధులవెంట పరుగులు తీసెడివారు. మంటనార్పబోవు బండి తానే మంటను మోసికొనిపోవుట వింతయే.

గుఱ్ఱముల శిక్షణ ఇంతకన్నను చూడదగినది. తంతిగంట మ్రోగినంతనే లాయపు తలుపులు వాటంతట అవియే తెఱచుకొనును. గుఱ్ఱములు తామే పరుగున వచ్చి బండిముందు తమతమ తావులలో నిలుచును. పైకప్పునుండి వ్రేలాడుచున్న పట్టెడలు, పగ్గములు ఒక్కమాఱుగ వాటి వీపులపైకి దిగును. మెడక్రింద పట్టెడను బిగించుట, కళ్ళెము తగిలించుట, తలుపు దాటుట, ఇదియంతయు ఒక్క నిమిషము లోపలనే. పెద్ద బండ్లకు మూడేసి గుఱ్ఱములను ప్రక్కప్రక్కన కట్టుదురు. కొన్ని గుఱ్ఱములు గంటమ్రోత విని తామే మేల్కొనుట మాత్రమేగాక, ముసలియై అమ్ముడుపోయిన పిమ్మట పాలబండి లాగుచుండియు, గంట వినబడినచో పాలబండితోనే పరుగెత్తినవని చెప్పుకొందురు. ఈ కథలలో ఎంత నిజమో గాని, గుఱ్ఱపువారికి గుఱ్ఱముమీద గల ప్రేమ మాత్రము వీనిలో స్పష్టము.

ప్రేమ అటుండ, లెక్క చూడవలసియున్నది. గుఱ్ఱము పనిచేసిన దినమునను తినును, పనిలేని దినమునను తినును. దాణా, నాడాలు, సాయీసు, వైద్యుడు, లాయము, ఇవి ఏడాది పొడవునను ఖర్చుపద్దులే. నాలుగు టన్నులను లాగుచు పూర్తివేగమున గుఱ్ఱములు పరుగెత్తగల దూరము మిక్కిలి కొద్ది. అందుచేతనే ఠాణాలు ఒకదానికొకటి దగ్గరగా కట్టవలసివచ్చెను. నగరము పొడవున పెరిగినకొలది ఠాణాలును, గుఱ్ఱములును, మనుష్యులును పెరుగవలసినదే.

ఇంతకన్న భయంకరమైన లోపమొకటి 1872లో బయటపడెను. ఆ యేడు శరదృతువున కెనడాలో మొదలైన గుఱ్ఱముల జ్వరము అమెరికా తూర్పు నగరములన్నింటిని ముంచెత్తెను. అక్టోబరు నెలాఖరునకు న్యూయార్కులో ట్రాములు నిలిచెను, సరకుబండ్లు నిలిచెను. కొన్నిచోట్ల మనుష్యులే బండ్లు లాగిరి. నవంబరు 9వ తేదీ సాయంకాలము బోస్టను నగరమున ఒక గిడ్డంగిలో మంట లేచెను. అక్కడి గుఱ్ఱములును జబ్బుపడియున్నందున అగ్నిమాపకులు యంత్రములను త్రాళ్ళతో తామే లాగుకొనిపోయిరి. 65 ఎకరముల మేర, 776 కట్టడములు కాలిపోయెను. జనులందఱును గుఱ్ఱముల జబ్బునే నిందించిరి. కాని తరువాత జరిగిన విచారణలో, గుఱ్ఱములు లేనందున కలిగిన ఆలస్యము కొలది నిమిషములే యనియు, అసలు దోషము వీధిక్రింది నీటిగొట్టములు సన్ననివగుటలోను, భవనముల కొయ్య కప్పులలోను కలదనియు తేలెను. ఆ నగరపు దళాధిపతి జాన్ డ్యామ్‌రెల్ గొట్టములను గూర్చి ముందే హెచ్చరించియుండెను. బండి ఎంత వేగముగ వచ్చినను, అది ఆగిన చోట నీరు లేనిచో ఏమి ప్రయోజనము? ఈ ప్రశ్న ఆనాడు ఎక్కువమందికి తోచలేదు.

గుఱ్ఱము లేని బండికొఱకు వెదకులాట మాత్రము ముమ్మరమయ్యెను. న్యూహ్యాంప్‌షైరులోని అమోస్కెగ్ కర్మాగారమువారు 1867 మొదలు ఆవిరిబలముతోనే నడచు పంపులను తయారుచేయుచుండిరి. న్యూయార్కువారును 1870 ప్రాంతములలో అట్టివి కొన్ని తెప్పించిరి. అవి బలిష్ఠములే గాని, ఇఱుకు వీధులలో వాటిని త్రిప్పుట కష్టము. చుట్టును జనులున్నప్పుడు వాటిని ఆపుట మఱింత కష్టము. గుఱ్ఱములు మరల ఆరోగ్యవంతములైనంతనే వీటిని గూర్చిన ఉత్సాహము చల్లబడెను.

పెట్రోలు యంత్రము పుట్టి, కొంత పెద్దదైనవఱకు ఆ మాట మరల రాలేదు. 1904లో ఇంగ్లాండునందు మెఱీవెదరు కంపెనీవారు లండను చేరువనున్న ఫించ్లీ అను చోటికి పెట్రోలుతో నడచుటయు, ఆ యంత్రముతోనే నీరు చిమ్ముటయు చేయు బండిని తయారుచేసి యిచ్చిరి. అమెరికాలో 1906లో వాటరస్ అను కంపెనీ చేసిన బండిపై రెండు యంత్రములుండెను: ఒకటి నడచుటకు, రెండవది పంపునకు. మరుసటి యేడే ఆ కంపెనీవారు రెండు పనులను ఒకే యంత్రముతో చేయించిరి. చదువుటకు ఇది చిన్న మార్పువలె తోచును. కాని మోటారు ఫైరింజను చరిత్రలో అసలైన మలుపు ఇదియే. బండి ఆగినంతనే చక్రములకు పోవు బలమును పంపునకు త్రిప్పవచ్చును. బాయిలరు అక్కఱలేదు, బొగ్గు అక్కఱలేదు, ఆవిరికై వేచియుండుట అక్కఱలేదు.

న్యూయార్కు దళాధిపతి ఎడ్వర్డు క్రోకరు ఇరువదవ శతాబ్దారంభముననే గుఱ్ఱపుబగ్గీని వదలి మోటారుకారులో మంటలకడకు పోవుచుండెను. అయినను పంపులను మోటారునకు అప్పగించుటకు నగరము తొందరపడలేదు. కారణము లేకపోలేదు. ఆనాటి మోటారు చేతితో త్రిప్పిన గాని అంటుకొనదు. చలిలో త్రిప్పినను ఒక్కొక్కప్పుడు అంటుకొనదు. మంచుపడిన రాత్రి గుఱ్ఱము కాలుజాఱి పడినను లేచి నడచును. మోటారు మొరాయించినచో ఎవడు లేపును? ఇట్లు వాదించినవారు మూఢులు కారు. వారి చేతులలో ప్రాణములున్నవి.

ఇంతలో 1904 ఫిబ్రవరి 7వ తేదీన బాల్టిమోరు నగరమున గొప్ప అగ్నిప్రమాదము సంభవించెను. వాషింగ్టను, ఫిలడెల్ఫియా, న్యూయార్కు నగరముల నుండి దళములు రైలుబండ్లపై యంత్రములతో తరలివచ్చెను. వచ్చి చూడగా, చాల దళముల గొట్టముల మరలు బాల్టిమోరు కుళాయిలకు పట్టలేదు! 1,500 కట్టడములకు పైగా కాలిపోవుచుండగా, దూరమునుండి శ్రమపడి వచ్చిన యంత్రములు సరిగా పనిచేయలేక నిలిచెను.

న్యూయార్కు నగరము ఈలోపల వేఱొక మార్గము త్రొక్కెను. 1908లో మన్‌హట్టను ద్వీపపు దిగువభాగమున, మంటలకొఱకే ప్రత్యేకముగా, హెచ్చు ఒత్తిడిగల నీటిగొట్టములను వీధులక్రింద వేసిరి. నదీతీరమునందలి రెండు పంపుశాలలలో విద్యుచ్ఛక్తితో నడచు పెద్దపంపులు ఆ గొట్టములలోనికి నీటిని బలముగా నెట్టును. ఆ కుళాయికి గొట్టము తగిలించినచో చాలును. మధ్య ఆవిరిపంపు అక్కఱలేదు. అట్టిచోట కావలసినది నీటిని నెట్టు యంత్రము కాదు, గొట్టములను త్వరగా చేర్చు బండి మాత్రమే. ఈ పనికి మోటారు చక్కగా తగును. పన్నెండవ వీధిలోని 72వ ఇంజను దళమునకు 1909లో నాక్స్ కంపెనీ చేసిన మోటారు గొట్టపుబండి నిచ్చిరి. న్యూయార్కు దళములలో మోటారు ఇట్లు ప్రవేశించెను. నీరు నెట్టుటకు గాక, గొట్టములు మోయుటకై వచ్చినది.

రెండేండ్లు గడచెను. 1911 మార్చి 25వ తేదీ శనివారము సాయంకాలము నాలుగున్నర దాటిన పిమ్మట, వాషింగ్టను స్థలము మూలనున్న పదియంతస్తుల యాష్ భవనమున నిప్పు పుట్టెను. దాని పైమూడంతస్తులలో ట్రయాంగిల్ అను రవికెల కర్మాగారముండెను. అందు పనిచేయువారిలో అధికసంఖ్యాకులు ఇటలీ నుండియు, తూర్పు ఐరోపా యూదుల కుటుంబముల నుండియు వచ్చిన యువతులు. ఎనిమిదవ అంతస్తున గుడ్డముక్కలు అంటుకొనినవి. తొమ్మిదవ అంతస్తువారికి కబురు చెప్పువారే లేకపోయిరి. అక్కడ ఒక వాకిలి తాళము వేసియుండెను. దొంగతనము జరుగునని యజమానుల భయము. వెనుకనున్న ఇనుపమెట్లు జనుల బరువునకు విఱిగి కూలెను.

పిలుపు అందినంతనే దళములు బయలుదేరినవి. గుఱ్ఱపుబండ్ల దళములును, మోటారు గల 72వ దళమును కొలది నిమిషములలోనే భవనముకడకు చేరెను. హెచ్చుఒత్తిడి కుళాయిలు అక్కడనే యుండెను. నీరు పైయంతస్తులవఱకు చేరెను. ఇట్లు చూచినచో, నూఱేండ్లుగా నగరము కోరినదంతయు ఆ సాయంకాలము ఆ వీధిలో సిద్ధముగనే యుండెను. నిచ్చెన నెత్తిరి. అది పెరిగి పెరిగి ఆఱవ అంతస్తుకడ నిలిచిపోయెను. ఎనిమిది, తొమ్మిది అంతస్తుల కిటికీలలో నిలిచినవారు దానిని చూచుచునే యుండిరి. పట్టిన వలలు మీదినుండి పడిన దేహముల వేగమునకు చినిగిపోయెను. కాలిబాటపై పడియున్న దేహములను చూచి గుఱ్ఱములు బెదరి ముందుకడుగు వేయలేదు. అరగంటలో మంట అదుపులోనికి వచ్చెను. చనిపోయినవారు 146 మంది.

క్రోకరు అంతకు కొన్ని నెలల ముందే, ఎత్తైన కర్మాగారములను గూర్చియు, వానిలో బయటపడు మార్గములు లేకుండుటను గూర్చియు హెచ్చరించియుండెను. ఆ యేడే ఆయన పదవిని వదలి, అగ్ని పుట్టకుండ జాగ్రత్తపడు విధమును బోధించు పనిలో ప్రవేశించెను. జీవితమంతయు మంటలనార్పిన మనుష్యుడు తన శేషకాలమును మంట పుట్టకుండుటకై వినియోగింపదలచుట సామాన్యమైన సంగతి కాదు. యజమానులు విచారణలో నిర్దోషులుగ విడువబడిరి. కాని రాష్ట్రప్రభుత్వము కర్మాగార విచారణ సంఘమును నియమించెను. దాని సిఫారసుల ననుసరించి వాకిళ్ళు, మెట్లు, నీటి చిమ్ముగొట్టములు, అగ్ని కసరత్తులు మున్నగువానిని గూర్చి శాసనములు వచ్చెను. ఈ శాసనములు కాపాడిన ప్రాణములను లెక్కించు పద్దు ఏ దస్త్రమునను లేదు. కాలని ఇంటిని గూర్చి వార్త వ్రాయువారెవరు?

దళమును మోటారులకు మార్చు పని ఈ దుర్ఘటన తరువాతనే వేగిరపడెను. నూతన కమిషనరు జోసెఫ్ జాన్సను ఈ మార్పునకు పట్టుబట్టెను. క్రోకరు స్థానమునకు వచ్చిన జాన్ కెన్లను, నావికుడుగ జీవితము ప్రారంభించి దళమున చేరినవాడు. 1913లో అగ్నులను గూర్చియు అగ్నిమాపకులను గూర్చియు పెద్ద గ్రంథమును ప్రచురించినవాడు. వారిముందున్న సమస్య ధనము. నగరమునందలి ఆవిరిపంపులన్నియు మంచిస్థితిలోనే యుండెను. వాటిని పాఱవేసి క్రొత్త మోటారు పంపులు కొనుట దుబారా. మోటారు పంపులు గంటలకొలది ఆగక పనిచేయగలవా యను సందేహమును ఇంకను తీఱలేదు.

ఈ చిక్కునకు ఉపాయము చెప్పినవాడు వాల్టరు క్రిస్టీ అను యంత్రకారుడు. ముందుచక్రములతో నడచు కారును నిర్మించి 1907లో ఫ్రాన్సుదేశపు పందెమున పాల్గొన్నవాడు. హడ్సను నది కావల హొబొకెను పట్టణమున ఆయన కర్మాగారముండెను. ఆయన చేసినది రెండు చక్రముల పెట్రోలు బండిముక్క. ఆవిరిపంపు ముందు ఇరుసును, గుఱ్ఱములు కట్టు కఱ్ఱను ఊడదీసి, ఆ స్థానమున దీనిని బిగింతురు. పంపు పాతదే, బాయిలరు పాతదే, పొగగొట్టము పాతదే. గుఱ్ఱము మాత్రము క్రొత్తది. పెట్రోలుతో పరుగెత్తి, ఆవిరితో నీరు చిమ్ము ఈ వింతజంతువు 1911, 1912 ప్రాంతములనుండి న్యూయార్కు వీధులలో తిరుగసాగెను. సగము నరుడు, సగము సింహముగ వెలసిన నరసింహమూర్తివలె, ఏ ఒక్క జాతికిని చెందక, రెండు జాతులవారును చేయలేని పనిని ఇది చేసెను. వివిధ నగరములకు కలిపి క్రిస్టీ ఇట్టివి 600 వఱకు తయారుచేసెను. ఈయనయే తరువాతికాలమున యుద్ధటాంకులను రచించెను. రష్యావారి ప్రసిద్ధమైన టి–34 టాంకు చక్రముల అమరిక ఆయన ఊహనుండి పుట్టినదే.

సాయీసులలో, సారథులలో కొందఱు చక్రము పట్టనేర్చిరి, కొందఱు నేర్వలేకపోయిరి. గుఱ్ఱమునకు దారి తెలియును; మోటారునకు సారథియే కన్నులు. ఒకప్పుడు మేతవాసన, తోలువాసన గల ఠాణాలలో నూనెవాసన నిండెను. ఎండుగడ్డి నిలువచేసిన అటకలు ఖాళీయయ్యెను. లెక్కలు వ్రాయువారు మాత్రము తృప్తిపడిరి: నిలిచియున్న మోటారు పెట్రోలు త్రాగదు. ఠాణాలమధ్య దూరమును గూర్చిన పాతలెక్క కూడ మారెను. ఒక్క బండి ఇప్పుడు ఎక్కువ మేరను కాపాడగలదు.

లండను నగరము 1921లో తన చివరి అగ్నిమాపక గుఱ్ఱములను సెలవుపఱచెను. న్యూయార్కు వంతు మరుసటి యేడు వచ్చెను. 1922 డిసెంబరు 20వ తేదీన బ్రూక్లిను పేటలోని 205వ ఇంజను దళపు గుఱ్ఱములను చివరిమాఱు బండికి కట్టిరి. బరో హాలు నుండి గంట మ్రోగించిరి. లాయపు తలుపులు తెఱచుకొనగా గుఱ్ఱములు అలవాటుగ తమతావులకు వచ్చి నిలిచెను. పట్టెడలు దిగెను. బాయిలరు పొగ చిమ్ముచుండ, దళపు మచ్చలకుక్క జిగ్స్ తోడుగ, బండి వీధివెంట పరుగెత్తెను. చూడవచ్చిన జనులు కాలిబాటలపై క్రిక్కిఱిసిరి. అది వీడ్కోలు కొఱకు మ్రోగించిన గంట యని మనుష్యులకు తెలియును. గుఱ్ఱములకు తెలియదు గావున, ఎప్పటివలెనే పూర్తివేగముతో పరుగెత్తి బరో హాలు ముంగిట ఆగెను. అక్కడ మంట ఏదియు లేదు.